అవతారిక దాటని కావ్యం

కుకవుల్ని తిడుతూ నేను రాసిన పద్యాలు చాలా బాగుంటాయి. గొప్పకి చెప్పడం లేదు, ఇప్పుడు తీసి చదువుకుంటే నాకే ఒళ్లు మండుతుంది. పాతవాళ్ల మాటలు దొంగిలించేవాడనీ, చేతకాక గణాలు కిట్టించేవాడనీ, రాసింది గోరంత అయితే చెప్పుకునేది కొండంత అనీ, ఎవడో లేని కవిని ఎదురుగా నిలబెట్టి చెడామడా దులిపేశాను. కావ్యం మొదట్లో అలా తిట్టడం మన ఆచారం. ముందు దేవుళ్లకి దండం, తరవాత పూర్వకవులకి నమస్కారం, ఆ తరవాత చెడ్డ కవులకి చీవాట్లు, ఆపైన కావ్యం ఎవరికి అంకితమిస్తున్నామో ఆ పెద్దమనిషి వంశాన్ని పొగడడం. ఇదంతా కలిపి అవతారిక అంటారు. అది అయ్యాక కథ మొదలవాలి. నా కావ్యానికి అవతారిక ఉంది.

అప్పట్లో నేను రాజమండ్రిలో అక్కయ్యగారింట్లో పడి ఉండేవాణ్ణి. అమ్మానాన్నా నా చిన్నప్పుడే పోతే అక్కయ్యే పెంచింది. మెట్రిక్యులేషన్ ఎలాగో గట్టెక్కాను గాని ఎఫ్.ఏ. తప్పాను, మళ్లీ కట్టి మళ్లీ తప్పాను. బావగారు కాలువల కచేరీలో గుమాస్తా. నాకన్నా బాగా పెద్దవారు, మెత్తని మనిషి, నోరు విప్పి ఎవర్నీ కసురుకోవడం ఎరగరు. ఆయన పొద్దున్నే స్నానసంధ్యలు ముగించుకుని, భోంచేసి, తలపాగా చుట్టుకుని కచేరీకి వెళ్లే వేళకి నేను గోదావరి నుంచి తాపీగా తడిబట్టలతో వచ్చేవాణ్ణి. ఇద్దరం గుమ్మంలో ఎదురుపడేవాళ్లం. ఆయన ఏమైనా అంటే బాగుండేది. పక్కకి తప్పుకుని నాకు దారిచ్చేవారు.

రెండోసారి పరీక్ష తప్పిన కబురు వచ్చిన పూట ఇద్దరం పక్కపక్కన భోజనానికి కూర్చున్నాం. అక్కయ్య వడ్డిస్తోంది. పప్పులో నెయ్యి పోయించుకుంటూ బావగారు మామూలుగానే అడిగారు.

"ఇప్పుడేం చేద్దామనుకుంటున్నావోయ్?"

ఏదో ఒకటి అనాలి కదా! "కావ్యం రాస్తున్నానండి" అన్నాను. అప్పటికి ఒక్క ముక్క రాయలేదు. అంతటితో ఊరుకున్నా పోయేది. నా నోరు ఊరుకుంటేగా! "మీకే అంకితమిద్దామని" అని కూడా అన్నాను.

బావగారి చెయ్యి విస్తట్లో ఆగిపోయింది. "నాకా?" అన్నారు.

"మీకు కాక ఇంకెవరికండి?"

అక్కయ్య గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయి, నా విస్తట్లో ఇంకాస్త నెయ్యి పోసింది.

నేనన్న మాట ఆ ఇంట్లో ఎంత బరువైనదో నాకు తెలియకపోలేదు. వాళ్లకి పిల్లల్లేరు. కోరుకొండ నరసింహస్వామికి మొక్కుకున్నారు, ఆ మెట్లన్నీ అక్కయ్య తడిబట్టలతో ఎక్కింది. మందులు మింగారు. ఏదీ ఫలించలేదు. మనవాళ్ల లెక్కలో సంతానం ఏడు రకాలు: కొడుకు, చెరువు, గుడి, తోట, బ్రాహ్మలకిచ్చిన అగ్రహారం, భూమిలో దాచిన నిధి, తన పేర అంకితమైన కావ్యం. వీటిలో ఏ ఒక్కటున్నా మనిషి పేరు భూమ్మీద నిలుస్తుంది. కచేరీ గుమాస్తా చెరువు తవ్వించలేడు, గుడి కట్టించలేడు. అగ్రహారం మాట సరేసరి. ఇంట్లో తిని కూర్చున్న బావమరిది కావ్యం రాస్తే మాత్రం కాదనేదేముంది?

మర్నాటినుంచి బావగారి తీరే మారిపోయింది. సాయంత్రం కచేరీ నుంచి రాగానే కాళ్లు కడుక్కుని అరుగు మీద నా పక్కన కూర్చునేవారు. వాళ్ల నాన్నగారు పెద్దాపురంలో పిల్లలకి చదువు చెప్పిన సంగతులు, తాతగారు కరువు రోజుల్లో ఇంటి గాదె తలుపు తీసిపెట్టి ఎవరినీ అడక్కుండా తీసుకెళ్లమన్న సంగతి, ముత్తాతగారు ఎక్కడినుంచి ఎక్కడికి వలసవచ్చారో, అవన్నీ చెప్పేవారు. "ఇది రాయదగ్గ సంగతేనంటావా?" అని మధ్యమధ్య అనుమానపడేవారు. తన సంగతి అడిగితే మాత్రం "నాదేముందోయ్, రాసిచ్చిన కాగితాలకి నకళ్లు రాశాను" అని నవ్వేసేవారు.

అవతారిక చకచకా వచ్చేసింది. వంశవర్ణన చదివి వినిపించిన రోజున బావగారు కండువా మొహానికి అడ్డం పెట్టుకున్నారు. "మా నాన్న పేరు సీసపద్యంలో కూర్చుంటుందని కలలో కూడా అనుకోలేదోయ్" అన్నారు. అక్కయ్యకి చదువు రాదు. తలుపు చాటు నుంచి విన్నది విన్నట్టు కంఠతా పట్టేసింది. ఆ తరవాత పప్పు రుబ్బుతూ ఆ సీసం పాడుకునేది, ఒక్క అక్షరం పొల్లుపోకుండా.

అక్కడిదాకా బాగానే ఉంది. కథ మొదలుపెట్టాలి కదా, అక్కడొచ్చింది చిక్కు. గంధర్వకన్యని వలచిన రాజకుమారుడి కథ అనుకున్నాను, బావగారికీ అదే చెప్పాను. రాజకుమారుడు పుట్టాలంటే ముందు పురం ఉండాలి. మేడలు మబ్బుల్ని తాకాలి. కలం పట్టుకుని అరుగు మీద కూర్చుంటే కళ్లముందు ఎద్దుబండ్లు, దుమ్ము, ఎదురింటివాళ్ల పిడకలు! సరే, ఎలాగో మనసులోనే పురాన్ని లేపాను, రాజుని కూర్చోబెట్టాను. ఇక ఆ రాజుకి సంతానం లేదన్న దిగులు చెప్పాలి. అన్ని కావ్యాల్లోనూ అది ఉంటుంది, ఎవరైనా కళ్లు మూసుకుని రాసేస్తారు. నేను రాయలేకపోయాను. వంటింట్లో అక్కయ్య అలికిడి వినిపిస్తూంటే, పక్కగదిలో బావగారి దగ్గు వినిపిస్తూంటే, ఆ దిగులు గురించి అలంకారాలు వెతుక్కోవడానికి సిగ్గేసింది. ఇది నేను ఇప్పుడు చెబుతున్న మాట. అప్పుడు మాత్రం మనసు కుదరడం లేదని చెప్పుకుని లేచిపోయేవాణ్ణి.

లేచి ఎక్కడికి వెళతాను? పని లేనివాడికి రాజమండ్రిలో కాలక్షేపానికి కొదవా! వీధి చివర పింఛను పుచ్చుకుంటున్న కోర్టు అమీనుగారి అరుగు మీద చదరంగం. ఆయన ఓడిపోయేటప్పుడు ముక్కుపొడుం పీల్చి తుమ్మి బల్ల కదిపేసేవారు. అది ముగిస్తే సమస్యాపూరణాలు చేసేవాళ్ల గుంపు. అదీ లేకపోతే గోదావరి గట్టు. అప్పుడే ఏటి మీద రైలు వంతెన కడుతున్నారు. నాలాంటి వాళ్లం బోలెడుమందిమి పొద్దస్తమానం గట్టున నిలబడి ఆ స్తంభాలు లేవడం చూసేవాళ్లం, మేమే కట్టిస్తున్నట్టు తప్పులు కూడా పట్టేవాళ్లం. ఇంటికొచ్చి ఆ ముచ్చట్లు చెబితే బావగారు "రైలొస్తే మా కాలువల్లో పడవలు ఎవరెక్కుతారోయ్" అని కాసేపు దిగులుపడి, "అదలా ఉంచు, ఇవాళ ఎన్ని పద్యాలయ్యాయి?" అనేవారు. "మెరుగులు దిద్దుతున్నానండి" అనేవాణ్ణి. లేనిదానికి మెరుగులేమిటో!

ఎండాకాలంలో పైదేశం నుంచి నాటకాల కంపెనీ దిగింది. తాటాకుల పందిరి, రంగుల తెరలు, హార్మోనియం, ఊరంతా అదే గోల. అక్కయ్య కొంగుముడి విప్పి డబ్బులిచ్చేది. "నాటకం చూస్తే కావ్యానికి పనికొస్తుందిరా?" అని అమాయకంగా అడిగేది. "ఎందుకు పనికిరాదూ!" అని చెప్పి వెళ్లేవాణ్ణి. చూసినంతసేపూ హాయిగా ఉండేది. తెర దించగానే కావ్యం గుర్తొచ్చేది. మర్నాడు పొద్దెక్కేదాకా పడుకుంటే, బావగారు కచేరీకి వెళుతూ "లేపకు, రాత్రంతా రాసుకున్నాడేమో" అని అక్కయ్యతో అనడం దుప్పట్లోంచి విన్నాను. వినీ లేవలేదు.

పని దొరక్కనే ఖాళీగా ఉన్నానంటే అదీ అబద్ధమే. బావగారితో పనిచేసే ఒక క్రైస్తవ గుమాస్తాగారు ఒకనాడు ఇంటికొచ్చి, "మా పల్లెలో మిషను బడికి తెలుగు పంతులు కావాలండి. మీ బావమరిదిగారు ఒప్పుకుంటే మా పాదిరీ అయ్యగారితో నేను చెబుతానండి" అన్నారు. బావగారు నా వంక చూశారు. నేను పిల్లలకి గుణింతాలు దిద్దబెట్టడం ఊహించుకుని నీరసపడిపోయి, "కావ్యం సగంలో ఉందండి" అన్నాను. "అవునవును, అది ముందు పూర్తికానీ" అని బావగారే నా తరఫున ఆయనకి క్షమాపణ చెప్పి పంపారు. నాకు హమ్మయ్య అనిపించింది. ఛీ, తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఇంతవరకు నా బద్ధకం నన్నే తిన్నది. ఆ తరవాత వాళ్లని తినడం మొదలుపెట్టింది.

పెద్దాపురంలో బావగారి పినతండ్రి కొడుకు ఉండేవాడు. ఇంటినిండా మగపిల్లలే. మరిడమ్మ జాతర అయ్యాక ఆయన చివరివాణ్ణి వెంటబెట్టుకుని మా ఇంటికొచ్చాడు. "వీణ్ణి నువ్వు పెంచుకో అన్నయ్యా. మనింటి పిల్లాడే, గోత్రం మారదు" అన్నాడు. పిల్లాడు ఇంకా మాటలు సరిగా రానివాడు. అక్కయ్య డబ్బాలోంచి ఆత్రేయపురం పూతరేకు తీసి చేతిలో పెట్టింది. వాడు సగం తిని, సగం ఆవిడ చీరకి పులిమి, "పెద్దమ్మా" అంటూ ఆవిడ వెనకే వంటింట్లోకీ పెరట్లోకీ తిరిగాడు. వాడు తాగిన చిన్న ఇత్తడి గ్లాసు అక్కయ్య చేత్తోనే తోముకుని విడిగా బోర్లించింది.

బావగారు ఒప్పుకోలేదు. "మనకి సంతానం వస్తోంది కదరా. కృతి నడుస్తూండగా మళ్లీ దత్తత దేనికి? ఒకటి చేతికి అందబోతూంటే ఇంకోదాని మీద ఆశపడితే దిష్టి తగులుతుంది" అన్నారు. నమ్మి అన్నారు. ఆలోచించుకోమని చెప్పి తమ్ముడు పిల్లాణ్ణి తీసుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు నేను నూతి దగ్గర మొహం కడుక్కుంటూంటే అక్కయ్య చేద పట్టుకుని వచ్చింది. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

"ఒరేయ్, నాతో నిజం చెప్పరా. నీ కావ్యం ఎందాకా వచ్చింది? అది అయ్యేది కాదంటే ఇప్పుడే చెప్పేయ్. నేనేమీ అనుకోను. ఆయన కాళ్లావేళ్లా పడైనా ఆ పిల్లాడికి ఒప్పించుకుంటాను."

చెప్పడానికి అంతకన్నా మంచి సమయం నాకు మళ్లీ రాలేదు. నోటిదాకా వచ్చింది కూడా. కావ్యం లేదంటే ఇక ఆ ఇంట్లో నేనేమిటి? పరీక్ష తప్పి తిని కూర్చున్నవాణ్ణి. ఆ పిల్లాడు వస్తే నా విస్తరి ఎక్కడ పడుతుంది? సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ క్షణాన నాకొచ్చిన భయం అదే.

"మూడో ఆశ్వాసంలో ఉన్నానక్కయ్యా" అన్నాను.

"అయితే సరేలే" అని ఆవిడ చేద నూతిలోకి వదిలింది. అది నీళ్లు తాకిన చప్పుడు విని నేను ఇంట్లోకి వచ్చేశాను.

పిల్లాణ్ణి కాకినాడలో ఎవరో దత్తత తీసుకున్నారని కొన్నాళ్లకి తెలిసింది. ఆ మాట విన్నప్పుడు అక్కయ్య "వాడి అదృష్టం, కలిగినవాళ్లింట్లో పడ్డాడు" అంది. ఇత్తడి గ్లాసు మిగతా వాటిలో కలిపేసింది.

అప్పటినుంచి రాయాలని నిజంగానే కూర్చున్నాను. ఎవరూ నమ్మరు గాని ఒట్టు. చదరంగం మానేశాను, గట్టుకి వెళ్లడం మానేశాను. పొద్దున్నుంచీ కాగితం ముందు పెట్టుకుని కూర్చుంటే, సంతానం లేని ఆ రాజు నావంకే చూస్తున్నట్టుండేది. ఒక్క పద్యం రాస్తే కొట్టేయబుద్ధయ్యేది. కొట్టేస్తే విస్తట్లో అన్నం సహించేది కాదు. అక్కయ్య "చిక్కిపోతున్నావురా, రాత తగ్గించు" అని పెరుగు మీద మీగడంతా నాకే వేసేది. తిన్నాను. అదీ తిన్నాను.

వంతెన మీద రైళ్లు నడవడం మొదలయ్యాక కాలువ లాకుల తనిఖీకి వెళ్లొచ్చిన బావగారికి చలిజ్వరం పట్టుకుంది. తగ్గడం, మళ్లీ రావడం. మనిషి మంచానికి అతుక్కుపోయారు. ఒక మధ్యాహ్నం అక్కయ్య కషాయానికి కరక్కాయ కొనడానికి బజారుకి వెళ్లింది. ఆయన కళ్లు విప్పి నన్ను దగ్గరికి పిలిచారు.

"కావ్యం చదువోయ్. వింటాను."

అవతారిక తీసుకొచ్చి చదివాను. దేవుళ్లు, కవులు, కుకవులు, వాళ్ల ముత్తాత, తాత, నాన్న, చివరికి ఆయన. వంశం దగ్గర పెదవులు కదిపారు. అయిపోయాక నేను కాగితాలు సర్దుతూంటే, "కథ?" అన్నారు.

నేను కాగితాలు మడతపెట్టాను.

"ఆ రాజుగారికి కొడుకు పుట్టాడా?"

అబద్ధం ఆడడానికి కూడా బలం ఉండాలి. నాకు ఆ రోజు లేకపోయింది. "కథ లేదండి బావగారూ. ఇంతే రాశాను. మొదటినుంచీ ఇంతే" అని ఆ మంచం కోడు పట్టుకుని ఏడిచాను.

తిడతారని ఎదురుచూశాను. కొట్టినా సంతోషించేవాణ్ణి. వీధి తలుపు చప్పుడై అక్కయ్య వచ్చిన అలికిడి వినిపించింది. బావగారు గబగబా నా చెయ్యి పట్టుకున్నారు.

"మీ అక్కయ్యకి చెప్పకు. ఆ పిల్లాణ్ణి వద్దన్నది నేను. అది తట్టుకోలేదు."

చెప్పనని తలూపాను. ఆ వారం తిరక్కుండానే పోయారు. నా తప్పు తన మీద వేసుకుని పోయారు. నన్ను క్షమించారని అనుకోవడానికి కూడా నాకు వీలు లేకుండా చేశారు, ఆ మాట ఆయన నా కోసం అనలేదు, అక్కయ్య కోసం అన్నారు.

శవం దగ్గర పురోహితుడు, కర్మ చెయ్యడానికి పెద్దాపురం దాయాదిని పిలిపించాలన్నాడు. కొడుకు లేనివాడికి భార్య ఎవరి చేతికి దర్భ ఇస్తే వాళ్లు చెయ్యొచ్చు, అదీ ఉంది. అక్కయ్య లేచి వచ్చింది. "ఆయన సంతానాన్ని చేత్తో రాసినవాడు ఇక్కడే ఉన్నాడు కదండీ, ఇంకొకరెందుకు?" అని దర్భ తెచ్చి నా చేతిలో పెట్టింది. ఆయనకిచ్చిన మాట ఒకటి, ఆవిడకి చెప్పిన అబద్ధం ఒకటి, మధ్యలో దర్భ. తీసుకున్నాను.

తరవాత కాలువల కచేరీ దొరగారు జాలిపడి ఖాళీ అయిన బల్ల నాకే ఇచ్చారు. నా నిరుద్యోగం అలా తీరింది. బావగారు నకళ్లు రాసిన చోటే కూర్చుని నేనూ నకళ్లు రాస్తున్నాను. అక్కయ్య నా దగ్గరే ఉంటుంది. కావ్యం చదివి వినిపించమని ఎప్పుడైనా అడిగితే అవతారిక చదువుతాను. వినేసి, "మిగతాది ఆయన పోయిన ఇంట్లో ఇప్పుడొద్దులే, ఏడుపొస్తుంది" అని తనే లేచిపోతుంది. ఎన్నేళ్లయినా ఆ మాటే అంటోంది. ఆవిడకి తెలుసేమోనని ఒక్కోసారి అనుమానం వస్తుంది. అడిగే ధైర్యం లేదు.

ఏటా తద్దినం నేనే పెడతాను. మొన్న పెట్టినప్పుడు కొత్త పురోహితుడు వచ్చాడు. మంత్రం మధ్యలో ఆగి మూడు తరాల పేర్లు చెప్పమన్నాడు. బావగారు, వాళ్ల నాన్న, వాళ్ల తాత. తడుముకోకుండా గోత్రంతో సహా చెప్పాను. ఎలా తడుముకుంటాను, నేను రాసిందే అది.

పురోహితుడు ముచ్చటపడిపోయి, "కన్నకొడుకులు కూడా తాత పేరు దగ్గర నీళ్లు నములుతారండి. తమరు మృతుడికి ఏమవుతారు?" అని అడిగాడు.

నేను చెప్పేలోపే వంటింటి గుమ్మంలోంచి అక్కయ్య అంది, "ఆయన మీద కావ్యం రాసింది వీడేనండి."

నేను తలెత్తలేదు. నువ్వులూ నీళ్లూ వదిలాను.